పాత షేరు పత్రాలు, సభ్యత్వ పత్రాలు: సేకరణ ఏ దారిలో మొదలుపెట్టాలి?

పాత షేరు సర్టిఫికెట్లు సేకరిద్దామనుకున్నవారి కళ్లు ముందుగా పడేది అమెరికా రైల్వే కంపెనీల కాగితాల మీద. ఆకుపచ్చ, గోధుమ రంగు అల్లికల అంచులు, పొగ వదిలే ఇంజను, పక్కన ఒరిగి కూర్చున్న దేవతామూర్తి. చూడముచ్చటగా ఉంటాయి, ఎప్పుడు వెతికినా దొరుకుతాయి. ఇంకోపక్క జారు చక్రవర్తుల నాటి రష్యా బాండ్లు కూపన్లతో సహా కనిపిస్తాయి. బొంబాయి మిల్లులవి, లండన్‌లో పుట్టి మన నేల మీద పట్టాలు పరిచిన రైల్వేలవి మరో దారి. వీటన్నిటికీ దూరంగా, పాత కాగితాల కొట్లో ఏ కట్ట మధ్యనో బందరు బ్యాంకు వాటా పత్రమో, నాలుగణాల కాంగ్రెస్ రసీదో నలిగిపోయి ఉంటుంది.

కనిపించిందల్లా కొంటూ పోతే నాలుగేళ్లకు పెట్టె నిండుతుంది గాని సేకరణ అనిపించుకోదు. ఒక దారి పట్టాలి. మా అభిప్రాయం ముందే చెబుతాం: తెలుగు చదవగలిగినవారు, అందులోనూ రెండు రాష్ట్రాల్లో ఉంటున్నవారు, మన ఊళ్ల కంపెనీల, సంఘాల కాగితాలతో మొదలుపెట్టడం మంచిది. అమెరికా కాగితాన్ని చదివి, తేదీ తేల్చి, భద్రపరిచేవాళ్లు అక్కడ వేలమంది ఉన్నారు. బందరు కాగితం మీది ఊరిపేరు, ఇంటిపేరు, చేవ్రాలు చదివి అదేమిటో చెప్పగలిగేవారు మనవాళ్లే. అయితే ఈ దారి అందరికీ నప్పదు. ఎవరికి నప్పదో కూడా కింద చెప్పాం.

## మొదట తేలాల్సింది: కాగితానికి ప్రాణం ఉందా?

తాతగారి ట్రంకుపెట్టెలో దొరికిన కాగితంతో సేకరణ మొదలుపెట్టేవారు చాలామంది. దాన్ని ఫ్రేము కట్టించే ముందు, లేదా ఎవరికైనా అమ్మే ముందు, అది ఇంకా డబ్బున్న షేరేమో చూడండి.

ఆంధ్రా బ్యాంకునే తీసుకోండి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో మచిలీపట్నంలో స్థాపించిన బ్యాంకు ఇది. 1980 ఏప్రిల్ 15న జాతీయం అయింది. 2001లో మళ్లీ ప్రజలకు షేర్లు అమ్మింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. విలీనంలో 1,000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంక్ షేర్లు ఇచ్చారు. అంటే 1980కి ముందరి పత్రం చేతిలో ఉంటే దానికి యూనియన్ బ్యాంక్‌లో వాటా రాదు, అది సేకర్తల సరుకు. 2001 తర్వాత వచ్చిన షేర్లయితే అసలు డబ్బు. పేరు ఒకటే, ఊరు ఒకటే. తేదీ ఒక్కటే తేడా తెస్తుంది.

బతికున్న కంపెనీ కాగితం దొరికితే ఈ వరుసలో వెళ్లండి:

1. కంపెనీ పేరు మారిందా, ఇంకోదానిలో కలిసిందా అన్నది కంపెనీ వ్యవహారాల మంత్రిత్వశాఖ పోర్టల్‌లో చూడండి. పాత పేరుతో కనిపించకపోయినంత మాత్రాన కంపెనీ పోయినట్టు కాదు.
2. కంపెనీ దొరికితే దాని వాటాదారుల చిట్టా చూసే రిజిస్ట్రార్‌కు ఫోలియో నంబరు (వాటాదారు ఖాతా సంఖ్య), డిస్టింక్టివ్ నంబర్లు (షేర్ల వరుస సంఖ్యలు), పత్రంపైన ఉన్న పేరు యథాతథంగా రాసి అడగండి.
3. వరుసగా 7 ఏళ్లు డివిడెండు ఎవరూ తీసుకోకపోతే ఆ షేర్లు ఐఈపీఎఫ్ అనే ప్రభుత్వ నిధికి (పెట్టుబడిదారుల విద్య, రక్షణ నిధి) వెళ్లిపోతాయి. వెనక్కి తెచ్చుకోవడానికి ఐఈపీఎఫ్-5 ఫారం ఉంది. వారసత్వ పత్రాలు లేకపోతే పని అక్కడే ఆగుతుంది.
4. 2019 ఏప్రిల్ 1 నుంచి లిస్టెడ్ కంపెనీల కాగితపు షేర్లను అమ్మకం ద్వారా మరొకరి పేరిట మార్చడాన్ని షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఆపేసింది. వారసత్వంగా మార్పించుకోవడం కుదురుతుంది. కాబట్టి బజారులో ఎవరైనా బతికున్న కంపెనీ పత్రాన్ని, సంతకం పెట్టిన ట్రాన్స్‌ఫర్ ఫారంతో సహా, "షేర్లు మీవే అవుతాయి" అని అమ్మబోతే కొనకండి. చేతికొచ్చేది కాగితం, షేరు కాదు.

కంపెనీ నడుస్తూ ఉన్నా పాత షేరు చచ్చిపోయి ఉండొచ్చు. దివాలా పరిష్కారంలో పాత వాటాదారుల షేర్లు రద్దయిన కంపెనీలు ఉన్నాయి. 1956లో జీవిత బీమా కంపెనీల వ్యాపారమంతా ఎల్ఐసీ చేతికి వెళ్లింది. 1969 జులైలో 14 బ్యాంకులు, 1980లో మరో 6 జాతీయం అయ్యాయి. ఈ తేదీలు ఒక చీటీ మీద రాసి దగ్గర పెట్టుకుంటే ఎంతో పని కలిసివస్తుంది.

## ఏ కొలతలతో పోల్చాలి

అందం చివర్లో చూడొచ్చు. ముందు చూడాల్సినవి ఇవి: సరుకు ఎంత తరచుగా దొరుకుతుంది, అసలో నకిలీయో మీ అంతట మీరు తేల్చుకోగలరా, దాని కథ తవ్వడానికి ఆధారాలు అందుబాటులో ఉన్నాయా, మన ఉక్కపోతలో నిలుస్తుందా, అవసరమైతే మళ్లీ అమ్ముడుపోతుందా. ఆరోది చట్టం. మనదేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక విలువున్న రాతప్రతి, రికార్డు, పత్రం 75 ఏళ్లు దాటితే పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటిదాన్ని సొంతంగా విదేశానికి పంపడం నేరం, తపాలాలో పంపినా సామానులో పెట్టుకెళ్లినా ఒకటే. అనుమానం ఉంటే భారత పురావస్తు శాఖ దగ్గర "ఇది పురావస్తువు కాదు" అన్న ధ్రువపత్రం తీసుకోవాలి. విదేశాల్లో ఉండి సేకరించేవారి ఎంపిక చాలావరకు ఈ ఒక్క మాటతో తేలిపోతుంది.

## అమెరికా రైల్వేలు, పరిశ్రమలు

మొదటి కాగితం కొనేవారికి ఇంతకన్నా తేలిక దారి లేదు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్, న్యూయార్క్ సెంట్రల్, బాల్టిమోర్ అండ్ ఒహాయో వంటి కంపెనీలు లక్షల కొద్దీ పత్రాలు జారీ చేశాయి. వెనక్కి వచ్చినవాటికి చిల్లులు కొట్టి రద్దుచేసి గిడ్డంగుల్లో దాచాయి. తర్వాత ఆ కట్టలే బజారుకు వచ్చాయి. చిల్లులుండటం ఇక్కడ లోపం కాదు. చిల్లు సంతకం మీదుగా పడిందా, బొమ్మ మీదుగా పడిందా అన్నదే చూస్తారు.

బొమ్మల్లో మనిషి రూపాలు ఎందుకుంటాయో తెలిస్తే ఈ కాగితాలు వేరేగా కనిపిస్తాయి. నకిలీ చేసినప్పుడు ముఖంలో, చేతుల్లో గీత కాస్త తేడా వచ్చినా చూసేవాళ్ల కన్ను పట్టేస్తుంది. అందుకే న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ లోహపు పలకపై చెక్కిన మనిషి బొమ్మ ఉండాలని పట్టుబట్టేది. 1858లో ఏర్పడిన అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ చెక్కించినవి ఎక్కువ. 100 షేర్లకు ఒక రంగు, అంతకు తక్కువైతే ఇంకో రంగు వేసేవారు. ఒకే కంపెనీవి మూడు రంగుల్లో సమకూర్చుకోవడం కొత్తవారికి మంచి లక్ష్యం.

ధర ఒక్కసారిగా పెరిగేది సంతకం దగ్గర. 1850ల అమెరికన్ ఎక్స్‌ప్రెస్ పత్రాల మీద హెన్రీ వెల్స్, విలియం ఫార్గోల చేవ్రాళ్లు, తొలి స్టాండర్డ్ ఆయిల్ పత్రాల మీద రాక్‌ఫెల్లర్ సంతకం ఉంటాయి. చాలా కంపెనీలు అధ్యక్షుడి సంతకాన్ని బొమ్మతోపాటే అచ్చువేశాయి. అచ్చు సంతకానికి సంతకం ధర ఇవ్వకండి. భూతద్దంలో చూస్తే సిరా సంతకంలో కలం మలుపు దగ్గర సిరా చిక్కబడుతుంది, ఒక గీత మరోదాన్ని దాటిన చోట పొర కనిపిస్తుంది. అచ్చుది అంతటా ఒకే నలుపు.

ఈ దారికున్న లోటు ఒకటే. సరుకు ఎంత ఎక్కువ దొరుకుతుందో, మళ్లీ అమ్మేటప్పుడు అంత తక్కువ వస్తుంది. తపాలా, సుంకం కలిపితే చవక కాగితం చవకగా మిగలదు. ఒక్కొక్కటిగా తెప్పించకుండా ఒకే అమ్మకందారు దగ్గర పదో పదిహేనో కలిపి తెప్పించుకోండి.

## రష్యా, చైనా బాండ్లు

ఇవి షేర్లు కావు, అప్పు పత్రాలు. పెద్ద సైజు, మూడు నాలుగు భాషల్లో రాత, అంచున, వడ్డీ తీసుకోవడానికి గడువు వచ్చినప్పుడల్లా కత్తిరించి ఇచ్చే కూపన్లు. 1918 ఫిబ్రవరిలో బోల్షెవిక్ ప్రభుత్వం జారు కాలపు అప్పులన్నీ రద్దుచేసింది. అందుకే రష్యా బాండ్ల మీద ఆ తర్వాతి తేదీల కూపన్లు కత్తెర పడకుండా మిగిలి ఉంటాయి. ఒక రాజ్యం ఎప్పుడు కూలిందో కాగితం అంచు చూసి చెప్పొచ్చు. చైనావాటిలో ఎక్కువగా కనిపించేది 1913 పునర్వ్యవస్థీకరణ రుణం: 2.5 కోట్ల పౌండ్లు, 5 శాతం వడ్డీ.

గోడకు కట్టుకోవడానికి ఇవి బాగుంటాయి. అయితే ఒక మోసం వీటిని ఏళ్ల తరబడి పట్టుకుని ఉంది: "ఈ బాండు మీద ఇప్పుడు బంగారం లెక్కన కోట్లు వస్తాయి" అని అమ్మడం. 1997లో ఫ్రాన్సు, రష్యాలు కుదుర్చుకున్న ఒప్పందంలో 40 కోట్ల డాలర్ల చెల్లింపు ఫ్రాన్సులో పేరు నమోదు చేసుకున్నవారి కోసం. ఈ రోజు బజారులో కొన్నవారికి అందులో పైసా రాదు. "చారిత్రక బాండు", "నిధుల హామీ", "తాకట్టు పెట్టుకోవచ్చు" అన్న మాటలు వినిపిస్తే లేచి వచ్చేయండి.

## బ్రిటిష్ ఇండియా రైల్వేలు, బొంబాయి మిల్లులు

చదువుకున్నకొద్దీ రుచి పెరిగే దారి ఇది. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా, మద్రాస్ రైల్వే, బెంగాల్ నాగపూర్ వంటివి లండన్‌లో నమోదైన కంపెనీలు. తొలి రైల్వేలకు 5 శాతం రాబడిని ప్రభుత్వం హామీ ఇచ్చింది, లోటు పడితే మన ప్రజల పన్నుల్లోంచి పూడ్చింది. ఆ హామీ వాక్యం పత్రం మీద అచ్చయి ఉంటే అది ఆర్థిక చరిత్ర పాఠమే. తెలుగు నేలతో నేరుగా ముడిపడింది నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఇది 1883లో లండన్‌లో ఏర్పడింది, 1930లో నిజాం ప్రభుత్వం దీన్ని తీసుకుంది. దాని కాగితాలు ఇక్కడికన్నా ఇంగ్లండు వేలాల్లోనే వెతుక్కోవాలి.

బొంబాయిలో 1864-65 షేర్ల జోరు నాటివి వేరే లెక్క. అమెరికా అంతర్యుద్ధంతో పత్తి ధర ఎగసింది, రాత్రికి రాత్రి కంపెనీలు పుట్టాయి, 1865లో యుద్ధం ముగియగానే కూలాయి. బతికింది ఏడాదో రెండేళ్లో కాబట్టి కాగితాలు తక్కువ, ధర ఎక్కువ. మొదటి ఏడాదిలో వీటి జోలికి వెళ్లకండి. కొన్ని వేలాల ధరలు గమనించాక వెళ్లొచ్చు.

## మన ఊళ్ల కంపెనీలు: కోస్తా, రాయలసీమ, నిజాం రాజ్యం

ఇందులో రెండు లోకాలున్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీ వైపు కంపెనీలు స్వదేశీ ఉద్యమం ఊపులో పుట్టినవి. బందరులో బ్యాంకు వెనకే 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ వచ్చింది. వకీళ్లు, ఉపాధ్యాయులు, రైతులు కొద్ది కొద్దిగా వేసుకున్న పెట్టుబడి ఇది. ఆంధ్రా బ్యాంకు, వాటాదారులు చెల్లించిన లక్ష రూపాయల మూలధనంతో మొదలైంది. అందుకే ఈ పత్రాల మీద ఒక్కొక్కరి పేర రెండు, ఐదు షేర్లే కనిపిస్తాయి. పత్రం వెనకవైపు చూడండి: దరఖాస్తుతో ఇంత, కేటాయింపుపై ఇంత, మొదటి కాల్, రెండో కాల్ అని విడతలుగా కట్టిన డబ్బుకు చేవ్రాళ్లు ఉంటాయి. రెండో కాల్ దగ్గర గడి ఖాళీగా ఉంటే ఆ మనిషి కట్టలేకపోయి ఉండొచ్చు, లేదా కంపెనీయే అక్కడిదాకా రాకపోయి ఉండొచ్చు. ముందువైపు ఎంత అందంగా ఉన్నా కథ వెనకవైపే ఉంటుంది. రెండు వైపులా ఫొటో పంపని అమ్మకందారు దగ్గర కొనకండి.

నిజాం రాజ్యం వైపు పత్రాలు చదవడానికి మూడు తాళంచెవులు కావాలి.

మొదటిది డబ్బు. "ఓ.ఎస్." అని ఉంటే ఉస్మానియా సిక్కా, మన పెద్దలు హాలీ సిక్కా అన్నది. "బీ.జీ." అంటే బ్రిటిష్ ప్రభుత్వ రూపాయి, జనం నోట కల్దారు. 7 హాలీ రూపాయలు 6 కల్దారు రూపాయలకు సమానం. 100 రూపాయల హాలీ షేరు అంటే సుమారు 85 రూపాయల 11 అణాల కల్దారు.

రెండోది తేదీ. ఫస్లీ అనే పాత రెవెన్యూ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. నిజాం రాజ్యంలో ఫస్లీ ఏడాది ఆజూరు నెలతో అక్టోబరులో మొదలవుతుంది. కాబట్టి 1350 ఫస్లీ అంటే 1940 అక్టోబరు నుంచి 1941 అక్టోబరు దాకా. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తేదీకి 590, ఆ పైన నెలలకు 591 కలపాలి. మద్రాసు వైపు రెవెన్యూ ఫస్లీ జులై 1న మొదలయ్యేది, అది కలగలిపితే ఏడాది తప్పుతుంది.

మూడోది చట్టం. "హైదరాబాద్ కంపెనీల చట్టం, 1320 ఫస్లీ" అని ఉంటే అది నిజాం చట్టం కింద నమోదైన కంపెనీ. సింగరేణి కాలరీస్ 1920 డిసెంబరులో హైదరాబాద్ కంపెనీల చట్టం కిందే నమోదైంది. దానికి ముందున్న హైదరాబాద్ (దక్కన్) కంపెనీ మాత్రం ఇంగ్లండులో పుట్టింది. ఒకే బొగ్గు గని కథలో రెండు దేశాల చట్టాలు, రెండు రకాల డబ్బు కనిపిస్తాయి. వరంగల్ ఆజంజాహీ మిల్స్ (1934), బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ (1937), సిర్పూర్ పేపర్ మిల్స్ (1938), 1941లో స్థాపించిన హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ ఈ దారిలో వెతకదగ్గ పేర్లు.

కష్టమేమిటంటే ఇవి కావాలన్నప్పుడు దొరకవు. హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ పుస్తకాల బజారు, జుమ్మేరాత్ బజారు, నాణేల తపాలాబిళ్లల ప్రదర్శనలు తిరగాలి. ఏడాదికి నాలుగైదు మంచి కాగితాలు చేతికొస్తే ఎక్కువే. ధరకు ప్రామాణిక పట్టిక లేదు. అమ్మేవాడికీ కొనేవాడికీ అది ఎంత అరుదో తెలియదు. ఓపిక లేనివారు ఈ దారిలో ఆరు నెలల్లో విసిగిపోతారు.

## సభ్యత్వ పత్రాలు

షేరు పత్రం డబ్బు పెట్టినవాడిది, సభ్యత్వ పత్రం మనసు పెట్టినవాడిది. ఇందులో ధర తక్కువ, దొరికే చోట్లు ఎక్కువ, పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. చిన్న బడ్జెట్‌తో, చరిత్ర మీద ఇష్టంతో ఉన్నవారికి ఇంతకు మించిన దారి లేదు.

కాంగ్రెస్ నాలుగణాల సభ్యత్వం 1920 నాగపూర్ సమావేశపు నియమావళితో వచ్చింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కలిసిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ మూడు లక్ష్యాలు పెట్టుకుంది: తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు. గడువు జూన్ 30. ఆ మూడు నెలల్లో మన జిల్లాల్లో రాసిన రసీదు దొరికిందంటే దాని మీద తేదీ చాలు. 1924-25లో చందా డబ్బుకు బదులు నెలకు 2,000 గజాల నూలు వడికి ఇవ్వాలన్న నియమం వచ్చింది. డబ్బు గడిలో అణాలకు బదులు గజాలు రాసిన రసీదు కనిపిస్తే వదలకండి. ఇవి నాసి కాగితం మీద అచ్చయిన చిన్న చీటీలు. అందుకే మిగిలినవి తక్కువ, నకిలీ చేయడం మాత్రం తేలిక. గాంధీగారి బొమ్మ ఉన్నవాటిని ఇంకాస్త జాగ్రత్తగా చూడండి.

సహకార పరపతి సంఘాల వాటా పత్రాలు 1904 చట్టం తర్వాతివి. షేరుకు షేరు, సభ్యత్వానికి సభ్యత్వం. సంతకం ఉండాల్సిన చోట వేలిముద్ర, పక్కన కరణంగారి దస్తూరీలో "ఫలానావారి వేలిముద్ర" అన్న మాట ఉంటాయి. గ్రంథాలయోద్యమ కాలపు చందా రసీదులు, దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) సభ్యత్వ డిప్లొమాలు, 1920 చట్టంతో ఏర్పడిన ఇండియన్ రెడ్‌క్రాస్ జీవిత సభ్యత్వ పత్రాలు, ఫ్రీమేసన్ లాడ్జీల పెద్ద బొమ్మల పత్రాలు ఈ కోవలోవే. అనీబిసెంట్ 1907 నుంచి 1933 దాకా దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షురాలు. ఆ ఏళ్ల డిప్లొమా మీద ఆమె పేరుంటే చేవ్రాలా, అచ్చా అన్నది పైన చెప్పిన పద్ధతిలోనే తేల్చండి.

ఒక హెచ్చరిక. గ్రంథాలయం, సంఘం, ప్రభుత్వ కార్యాలయం రికార్డు గది ముద్ర, చేర్పు సంఖ్య ఉన్న కాగితం బజారులో కనిపిస్తే అది ఎలా బయటికొచ్చిందో అడగండి. పనికిరానివని వేలం వేసినవైతే అందుకు కాగితం ఉండాలి. దొంగిలించిన రికార్డు కొనడం తప్పు, అంతకుమించి ఆ సంస్థ చరిత్రకు చిల్లు పెట్టడం.

## ఒక్క చూపులో

| దారి | దొరకడం | ఖర్చు | మీరే తేల్చుకోగలరా | కథ తవ్వడం | మళ్లీ అమ్మితే |
|---|---|---|---|---|---|
| అమెరికా రైల్వేలు | ఎప్పుడూ | తక్కువ, తపాలా అదనం | తేలిక | పుస్తకాలు బోలెడు | దొరికేవే కాబట్టి తక్కువ |
| రష్యా, చైనా బాండ్లు | ఎప్పుడూ | తక్కువ నుంచి మధ్యస్థం | మధ్యస్థం | భాష అడ్డం | రకాన్ని బట్టి |
| బ్రిటిష్ ఇండియా రైల్వేలు, మిల్లులు | వేలాల్లో | ఎక్కువ | చదివితే వస్తుంది | మంచి ఆధారాలున్నాయి | బాగుంటుంది |
| మన ఊళ్ల కంపెనీలు | అరుదు | ధర స్థిరం లేదు | మనవారికి తేలిక | ఊరికి వెళ్లి అడగాలి | కొనేవారిని వెతుక్కోవాలి |
| సభ్యత్వ పత్రాలు | తిరిగితే దొరుకుతాయి | చాలా తక్కువ | మధ్యస్థం | సంఘం చరిత్ర తెలియాలి | తక్కువ |

## ఎవరికి ఏది

అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఉంటున్నవారు అక్కడి కాగితాలే సేకరించడం మేలు. తపాలా ఖర్చు తగ్గుతుంది, మన పురావస్తు చట్టంతో పేచీ ఉండదు. నిజాం రైల్వే, మద్రాస్ రైల్వే పత్రాలు లండన్ వేలాల్లో కొని అక్కడే ఉంచుకుంటే తెలుగు నేలతో ముడి కూడా తెగదు. సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ కొన్న 1930ల పత్రాన్ని పెట్టెలో పెట్టుకుని విమానం ఎక్కకండి. దాన్ని ఇక్కడి బంధువుల ఇంట్లోనే ఉంచి, మంచి స్కాను తీసుకెళ్లండి.

నెలకు వెయ్యో రెండు వేలో పెట్టగలిగిన ఉపాధ్యాయుడు, విద్యార్థి సభ్యత్వ పత్రాలతో మొదలుపెట్టొచ్చు. ఒక జిల్లా, ఒక ఉద్యమం, 20 ఏళ్ల కాలం అని గిరి గీసుకుంటే రెండు మూడేళ్లలో ప్రదర్శనకు పెట్టగలిగిన సేకరణ అవుతుంది.

గోడ అలంకరణ కోసమే కొనేవారికి అమెరికా పత్రాలు, రష్యా బాండ్లు చాలు. ఎండకు రంగు వెలిసినా బాధపడనక్కర్లేదు. అరుదైన తెలుగు పత్రాన్ని మాత్రం గోడకు తగిలించకండి. దాని రంగు నకలు ఫ్రేము కట్టించి అసలును చీకట్లో ఉంచండి.

పెట్టుబడిగా చూసేవారు ఏ దారిలోకీ రావద్దనే మా సలహా. కొన్న ధరకు అమ్ముడుపోవడమే ఇక్కడ మంచి ఫలితం.

## చేతిలో పట్టుకుని చూడాల్సినవి

పత్రంలోని చిన్న వివరాలు ఒకదానికొకటి పొంతన కుదరాలి. నకిలీ చేసినవాడు బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ వీటి మీద పెట్టడు.

- 1957 ఏప్రిల్ 1కి ముందు తేదీ ఉన్న పత్రం మీద నయాపైసల రెవెన్యూ స్టాంపు ఉండదు. ఉంటే తర్వాత అతికించింది, లేదా అది డూప్లికేట్ పత్రం. డూప్లికేట్ అయితే ఆ మాట రాసి ఉండాలి.
- చిరునామాలో 6 అంకెల పిన్ కోడ్ ఉంటే అచ్చు 1972 ఆగస్టు 15 తర్వాతిది. "ఆంధ్ర రాష్ట్రం" అంటే 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు దాకా. "ఆంధ్రప్రదేశ్" అంటే 1956 నవంబరు 1 తర్వాత.
- చట్టం పేరు తేదీతో కుదరాలి: 1882 ఆరో చట్టం, 1913 ఏడో చట్టం, 1956 చట్టం. పాత చట్టం కింద పుట్టిన కంపెనీ కొత్త కాలంలో పత్రం ఇవ్వొచ్చు. 1913 చట్టం పేరున్న పత్రానికి 1908 తేదీ మాత్రం కుదరదు.
- 10 రెట్ల భూతద్దంలో రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతే అది ఇటీవలి ప్రింటరు పని. చెక్కిన పలకతో అచ్చయినదైతే గీతలు తెగకుండా ఉంటాయి, వేలికి కాస్త ఉబ్బుగా తగులుతాయి. మనదేశపు పత్రాలు చాలావరకు రాతి అచ్చు, లోహపు అక్షరాల అచ్చు కాబట్టి ఉబ్బు లేదని తోసిపుచ్చకండి. అక్షరాల అచ్చయితే కాగితం వెనక నొక్కు కనిపిస్తుంది.
- చీకటి గదిలో అతినీల కాంతి టార్చి వేయండి. కాగితానికి తెలుపు పెంచే రసాయనాలు 1950ల నుంచి వాడుకలోకి వచ్చాయి. 1925 కాగితం నీలంగా మెరిసిపోతే అది ఆనాటి కాగితం కాదు.
- కామన్ సీల్, అంటే కంపెనీ నొక్కి వేసే అధికార ముద్ర, వెనకవైపు కూడా ఎత్తుపల్లాలుగా తెలియాలి.

జారీ కాని ఖాళీ పత్రానికి, పేరు రాసి జారీ అయిన పత్రానికి ధరలో తేడా ఉంటుంది. ఖాళీ పత్రం మీద ఇటీవల పేర్లు నింపి "జారీ అయినది" అని అమ్మడం ఉంది. బాల్‌పెన్ను గీత కాగితంలోకి గాడిలా దిగుతుంది. 1930 తేదీ బాల్‌పెన్నుతో రాసి ఉంటే కింద పెట్టేయండి.

## ఇంటికి తెచ్చాక

మన కాగితాలకు మొదటి శత్రువు గుండుసూది. ట్రాన్స్‌ఫర్ ఫారాలు, రసీదులు పత్రానికి గుచ్చి ఏళ్ల తరబడి ఉంచేశారు. తుప్పు కాగితంలోకి దిగి చుట్టూ గోధుమ రంగు మచ్చ చేస్తుంది. సూదిని లాగితే మచ్చతోపాటు కాగితం ఊడొస్తుంది. పత్రాన్ని బోర్లా పెట్టి, సూదికీ కాగితానికీ మధ్య పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, కొద్దికొద్దిగా వెనక్కి జరపండి. పొడి తుప్పును మెత్తటి కుంచెతో దులపండి. తడి తగలనివ్వొద్దు. ఊదా రంగు రబ్బరు స్టాంపు సిరా నీళ్లకు కరిగి పత్రమంతా పాకుతుంది.

మడతలు పోవాలంటే ఇస్త్రీ పెట్టకండి. రెండు బ్లాటింగ్ కాగితాల మధ్య ఉంచి, పైన సమంగా బరువు పెట్టి రెండు వారాలు వదిలేయండి. చిరిగితే సెల్లోటేపు వాడొద్దు. పదేళ్లలో దాని జిగురు పసుపు పచ్చగా మారి అక్షరాలను మింగేస్తుంది. లామినేషన్ చేయించిన పత్రాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడం దాదాపు అసాధ్యం, అలాంటిదాన్ని సగం ధరకు కూడా కొనకండి. మెత్తగా, కొత్త ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీ కవర్లు సిరాను పీల్చుకుంటాయి. మైలార్ అనే పాలిస్టర్ కవర్లు వాడండి.

బందరు, విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం తేమకు కాగితం మీద గోధుమ చుక్కలు లేస్తాయి. బయటి గోడకు ఆనుకున్న బీరువాలో పెట్టకండి. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మేలు. చిన్న తేమ మీటరు ఒకటి బీరువాలో ఉంచి, సిలికా జెల్ సంచులు మారుస్తూ ఉండండి. కలరా ఉండలు కాగితానికి తగలకూడదు.

ప్రతి పత్రానికీ ఒక చీటీ రాయండి: ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, అమ్మినవారు ఏం చెప్పారు, ఫోలియో నంబరు, రెండు వైపులా ఫొటోలు ఎక్కడ దాచారు. చీటీని కవరులో విడిగా పెట్టండి, పత్రం మీద పెన్సిలుతో కూడా రాయొద్దు. ఇటీవలి పత్రమైతే దాని మీది బ్యాంకు ఖాతా నంబరు, ఇంటి చిరునామా కప్పేసి మాత్రమే ఫొటో నలుగురికీ చూపించండి. పత్రం మీద పేరున్నవారి కుటుంబం ఆ ఊళ్లో ఇంకా ఉంటే ఒక నకలు వారికి ఇవ్వండి. ఆ ఇంటి పెద్దవాళ్లు చెప్పే నాలుగు మాటలు కూడా అదే చీటీ మీద, తేదీ వేసి రాసుకోండి.